పాఠకుల ప్రశ్నలు – జవాబులు: రగ్బీ లీగ్‌లో 80 ట్రైల రికార్డు

ప్రశ్న: రగ్బీలో ఒకే సీజన్‌లో 80 ట్రైలు చేసిన ఆటగాడు ఉన్నాడనీ, వందేళ్లు దాటినా ఆ రికార్డు చెక్కుచెదరలేదనీ ఒక క్విజ్ పోటీలో విన్నాను. అతను ఎవరు? ఆ అంకెను నమ్మవచ్చా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నమ్మవచ్చు. అతని పేరు ఆల్బర్ట్ రోజెన్‌ఫెల్డ్. 1913–14 సీజన్‌లో ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్ జట్టు తరఫున 42 మ్యాచ్‌లు ఆడి 80 ట్రైలు చేశాడు. అయితే ఒలింపిక్స్‌లో మనం చూసే ఏడుగురి రగ్బీ గానీ, 15 మంది ఆడే రగ్బీ యూనియన్ గానీ కాదిది. జట్టుకు 13 మంది చొప్పున ఆడే రగ్బీ లీగ్. ప్రత్యర్థి గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనించడాన్ని ట్రై అంటారు. ఆ రోజుల్లో ట్రైకి 3 పాయింట్లు వచ్చేవి.

ఈ ఆట విడిగా ఎందుకు పుట్టిందో తెలిస్తే రోజెన్‌ఫెల్డ్ అంకెలు సులువుగా అర్థమవుతాయి. ఉత్తర ఇంగ్లండ్‌లో రగ్బీ ఆడేవారిలో చాలామంది మిల్లుల్లోనూ బొగ్గు గనుల్లోనూ పనిచేసే కూలీలు. శనివారం ఆటకు వెళితే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టాన్ని పూడుస్తామని క్లబ్బులు అడిగితే, డబ్బు పుచ్చుకుని ఆడటం ఆటకే కళంకమని భావించిన, రగ్బీని నడిపే లండన్ పెద్దలు ఒప్పుకోలేదు. చివరకు 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో సమావేశమైన ఉత్తరాది క్లబ్బులు నార్తర్న్ యూనియన్ పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నాయి. ఇంగ్లండ్‌లో దానికి రగ్బీ లీగ్ అన్న పేరు 1922లో గానీ రాలేదు కాబట్టి, రోజెన్‌ఫెల్డ్ 80 ట్రైలు చేసిన ఏడాది అక్కడి జనం ఆటను నార్తర్న్ యూనియన్ అనే పిలుచుకునేవారు.

టిక్కెట్టు కొని వచ్చే ప్రేక్షకులు లేనిదే ఈ క్లబ్బులకు మనుగడ లేదు. అందుకే ఆటను వేగవంతం చేయడానికి నిబంధనలను ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చారు. వాటిలో అన్నిటికంటే పెద్ద మార్పు 1906లో జరిగింది: జట్టులో ఇద్దరు ఫార్వర్డ్‌లను (ముందు వరుసలో బలంగా తలపడేవాళ్లను) తగ్గించి 15 మందిని 13కు కుదించారు. ప్రత్యర్థులు పట్టి పడేసిన ఆటగాడు లేచి, బంతిని కాలితో వెనక్కు నెట్టి ఆట కొనసాగించే పద్ధతి కూడా అప్పుడే వచ్చింది. మైదానం అంతే ఉండి మనుషులు తగ్గితే ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీ ఎక్కువగా అక్కరకొచ్చేది అంచున పరుగెత్తే వింగర్‌కే. రోజెన్‌ఫెల్డ్ సరిగ్గా ఆ సమయానికి ఇంగ్లండ్ చేరాడు.

నిజానికి అతను వింగర్‌గా మొదలుకాలేదు. 1885లో సిడ్నీలో ఒక యూదు కుటుంబంలో పుట్టిన రోజెన్‌ఫెల్డ్, అక్కడ రగ్బీ లీగ్ మొదలైన 1908లోనే ఈస్టర్న్ సబర్బ్స్ జట్టులో హాఫ్ స్థానంలో, అంటే ఫార్వర్డ్‌లకూ వెనుక వరుసకూ మధ్య బంతిని నడిపే చోట ఆడాడు. అదే ఏడాది బ్రిటన్ పర్యటనకు బయలుదేరిన తొలి ఆస్ట్రేలియా జట్టులో అతనికి చోటు దక్కింది. పర్యటన ముగిశాక హడర్స్‌ఫీల్డ్ క్లబ్బులో చేరి, ఆ ఊరి అమ్మాయినే పెళ్లాడి అక్కడే స్థిరపడ్డాడు. పొట్టిగా, గట్టిగా ఉండే ఈ హాఫ్ ఆటగాణ్ణి హడర్స్‌ఫీల్డ్ వింగ్‌కు మార్చడమే మొత్తం కథను మలుపు తిప్పింది.

నన్నడిగితే 80 కంటే దాని చుట్టూ ఉన్న అంకెలే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తాయి. 1911–12లో 78, మరుసటి ఏడు 56, తర్వాత 80, 1914–15లో మళ్లీ 56: నాలుగు సీజన్లలో 270 ట్రైలు. ఒక్క ఏడాది అదృష్టం కలిసొచ్చిందని ఎవరైనా అనవచ్చు గానీ, వరుసగా నాలుగేళ్లు అదృష్టమే పరుగెత్తించిందనడం కుదరదు.

ప్రశ్న: వింగర్‌కు బంతి చివర్లోనే కదా అందేది? ఆ ఘనత అతనిదా, జట్టుదా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మంచి ప్రశ్న. వాలీబాల్‌లో బంతిని చక్కగా లేపేవాడు లేకుండా కొట్టేవాడు ఏమీ చేయలేనట్టే, వింగర్ కూడా తన పక్కనుండే సెంటర్ మీద ఆధారపడతాడు. సెంటర్ బంతితో నేరుగా ప్రత్యర్థి మీదికి పరుగెడతాడు. ఆ ప్రత్యర్థి తనను పట్టుకోవడానికి కట్టుబడేదాకా ఆగి, చేతులు ఒంటిమీద పడబోయే క్షణంలో బంతిని పక్కకు వదులుతాడు. ఆ బంతి వింగర్‌కు పూర్తి వేగంలో ఉండగా, ఛాతీ ఎత్తున అందాలి. ఒక్క అడుగు వెనక అందినా వేగం తగ్గి, అడ్డుకునేవాడికి వ్యవధి దొరుకుతుంది. సరిగ్గా అందితే మాత్రం అందరికంటే వెనక కాపలా ఉండే ఫుల్‌బ్యాక్ ఒక్కడే ఎదురుగా మిగులుతాడు. అతణ్ణి తప్పించుకోవడం వింగర్ సొంత విద్య.

హడర్స్‌ఫీల్డ్‌లో అలా బంతి అందించగలవారికి కొదవలేదు. పదిహేనేళ్ల వయసులోనే పెద్దల జట్టులో అడుగుపెట్టిన హెరాల్డ్ వాగ్‌స్టాఫ్ కెప్టెన్, ఆ కాలపు మేటి సెంటర్. వేల్స్ నుంచి వచ్చిన బెన్ గ్రోనో, కంబర్లాండ్‌కు చెందిన డగ్లస్ క్లార్క్ ఫార్వర్డ్‌లలో కొండల్లా ఉండేవారు. రెండో అంచున స్టాన్లీ మూర్‌హౌస్ ఉండటంతో రోజెన్‌ఫెల్డ్ ఒక్కడినే కాపు కాయడం ఏ జట్టుకూ సాధ్యపడేది కాదు. సకల ప్రతిభల జట్టు అని ఆ రోజుల్లో దానికి పేరు. 1914 ఫిబ్రవరిలో ఛాలెంజ్ కప్‌లో స్వింటన్ పార్క్ అనే చిన్న జట్టు మీద హడర్స్‌ఫీల్డ్ 119–2 తేడాతో గెలిచింది. ఆనాటి పోటీల్లో బలాబలాల తేడా ఎంతుండేదో చెప్పడానికి ఈ ఒక్క స్కోరు చాలు, రికార్డును తక్కువ చేసి చూపాలనుకునేవారి చేతికి ఇదొక ఆయుధం కూడా. కానీ బలహీన ప్రత్యర్థులు మిగిలిన జట్ల వింగర్లకూ దొరికారు, వాళ్లెవరూ 80 దరిదాపుల్లోకి రాలేదు. కాబట్టి ఘనతలో పెద్ద వాటా జట్టుదే అయినా, ఆ జట్టు సృష్టించిన ఖాళీని ట్రైగా మార్చిన పని పూర్తిగా అతనిదేనని నా అభిప్రాయం.

ప్రశ్న: రోజెన్‌ఫెల్డ్ ఆ తర్వాత ఏమయ్యాడు? ఆ రికార్డును ఇకముందైనా ఎవరైనా దాటగలరా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: 1914–15లో హడర్స్‌ఫీల్డ్ అందుబాటులో ఉన్న నాలుగు ట్రోఫీలనూ గెలుచుకుంది. ఛాలెంజ్ కప్ ఫైనల్లో సెయింట్ హెలెన్స్‌ను 37–3తో చిత్తుచేసింది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఆ సీజన్ తర్వాత అధికారిక పోటీలు ఆగిపోయాయి. రోజెన్‌ఫెల్డ్ సైన్యంలో చేరి మెసొపొటేమియాలో (నేటి ఇరాక్ ప్రాంతం) పనిచేశాడు. పోటీలు తిరిగి మొదలయ్యేసరికి అతనికి ముప్పై మూడేళ్లు దాటాయి, వింగర్‌కు అది పెద్ద వయసే. తర్వాత వేక్‌ఫీల్డ్ ట్రినిటీ, బ్రాడ్‌ఫర్డ్ నార్తర్న్ జట్లకు కూడా ఆడి విరమించాడు. హడర్స్‌ఫీల్డ్‌కు చేసినవి 366, మొత్తం 386 ట్రైలు. 1970లో 85వ ఏట మరణించాడు. 1988లో బ్రిటిష్ రగ్బీ లీగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు మొదటగా ఎంపికచేసిన తొమ్మిది మందిలో వాగ్‌స్టాఫ్‌తో పాటు అతనూ ఉన్నాడు.

ఆ తర్వాతి తరాల్లో 80కి అందరికంటే దగ్గరగా వచ్చిన బ్రయాన్ బెవన్ కూడా సిడ్నీ నుంచి వలస వచ్చినవాడే కావడం విశేషం. జీవితకాలంలో 796 ట్రైలతో రోజెన్‌ఫెల్డ్‌ను ఎంతో వెనక్కు నెట్టిన బెవన్ కూడా ఒక సీజన్ లెక్కలో, 1952–53లో, 72 దగ్గరే ఆగిపోయాడు. నేటి ఆటగాడికి ఏడాదిలో దొరికే మ్యాచ్‌లు సుమారు ముప్పై మాత్రమే, అంటే మ్యాచ్‌కు రెండున్నరకు పైగా ట్రైలు చేయాలి. 2016లో కాసిల్‌ఫర్డ్ వింగర్ డెనీ సొలొమోనా, నేటి అగ్రశ్రేణి పోటీ అయిన సూపర్ లీగ్‌లో ఒక సీజన్ ట్రైల కొత్త రికార్డు నెలకొల్పాడు. అతను చేసినవి 40.