సవర పిల్లలకు రెండు భాషల్లో చదువు: సర్కారు డబ్బు వృథాయేనా?

కాదు. శ్రీకాకుళం జిల్లా మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లలో ఒకటో తరగతికొచ్చే చాలామంది సవర గిరిజన పిల్లలు ఇంట్లో మాట్లాడేది సవర భాషే. తెలుగు వాచకంతోనే మొదలుపెడితే అక్షరాలు కూడబలుక్కుంటారు గానీ అర్థం పట్టుకోలేరు. లెక్కలైతే మరీ కష్టం: కూడిక వచ్చినా ప్రశ్న అర్థంకాక ఆగిపోతారు.

తెలుగు వెనకబడుతుందన్న భయం తల్లిదండ్రులకుంది, సహజమే. కానీ తెలుగు లిపిలోనే రాసిన సవర వాచకంతో నేర్చిన అక్షరాలు తెలుగుకూ పనికొస్తాయి. ముందు సవరలో మాట, చదువు; పక్కనే తెలుగులో మాటలు; తర్వాత తెలుగు చదువు.

డబ్బు వృథా అయ్యేది వేరేచోట. పుస్తకాలు అచ్చేసి, సవర వచ్చిన టీచరును వేయకపోతే కట్టలు విప్పరు. ముందు జీతానికి నిధులివ్వాలి. రాజ్యాంగం 350ఎ అధికరణ ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించమంటోంది కూడా.