అమ్మ అడిగితే ‘ప్రార్థన చేసుకున్నా’ అని అబద్ధం చెబుతున్నాను

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ రెండో సంవత్సరం. హాస్టల్లో ఉంటాను. ఇంట్లో రోజూ రాత్రి కుటుంబ ప్రార్థన ఉండేది. ఇక్కడ ఒక ఫెలోషిప్‌లో చేరాను. వారానికి నాలుగు కూడికలు, నెలకోసారి ఆల్‌నైట్ ప్రేయర్. అన్నిటికీ వెళ్తాను కానీ గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు బైబిల్ తెరవబుద్ధి కాదు. అమ్మ ఫోన్‌లో అడిగితే ‘చేసుకున్నా’ అనేస్తాను. పోయిన సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు తప్పాను. ‘నీ ప్రార్థన చాలకే’ అన్నారు ఒక సీనియర్. సందేహాలు కూడా వస్తున్నాయి. దేవుడికి దూరమైపోయానా?

జవాబు: చెల్లీ, ముందు ఆ రెండు సబ్జెక్టుల సంగతి. నువ్వు రాసిన లెక్క చూస్తే చాలనిది ప్రార్థన కాదు, నిద్రా చదువుకునే టైమూ. బైబిల్లోని దానియేలును బబులోనుకు తీసుకుపోయి మూడేళ్లు కల్దీయుల భాష, విద్య నేర్పించారు. అతను ఆ చదువు వద్దనలేదు, బాగా చదివాడు కూడా. పట్టుబట్టింది రాజుగారి భోజనం తిననని మాత్రమే. రోజుకు మూడుసార్లు మోకరించిన మనిషీ అతనే.

ఆల్‌నైట్ ప్రేయర్ మానేస్తానంటే ‘యేసు రాత్రంతా ప్రార్థించలేదా?’ అని ఆ సీనియర్ అడగవచ్చు. ప్రార్థించాడు, పన్నెండుమంది శిష్యులను ఏర్పరచుకునే ముందు రాత్రి. తుఫానులో పడవలో నిద్రపోయిందీ ఆయనే, రెండూ లూకా సువార్తలోనే ఉన్నాయి. ఏలీయా ప్రవక్త ఇక చచ్చిపోతాను అన్నప్పుడు దేవదూత వాక్యం చెప్పలేదు. తినమని లేపింది, తిన్నాక మళ్లీ పడుకోనిచ్చింది. అందుకే కూడికలు వారానికి ఒకటి చాలు. ఆదివారం చర్చికి వెళ్లు. పరీక్షల నెలలో ఆల్‌నైట్లు వద్దు. దీనికి నిన్ను చిన్నచూపు చూస్తే, ఆ గుంపు గురించే ఆలోచించుకోవాలి.

అసలు ముడి వేరే ఉందని నాకనిపిస్తోంది. ఇంట్లో ప్రార్థనకు ఎవరో ఒకరు పిలిచేవారు, ఫెలోషిప్‌లోనూ పిలుస్తున్నారు. గదిలో పిలిచేవాళ్లు లేరు. తన శిష్యుడు తిమోతి విశ్వాసం గురించి రాస్తూ అపొస్తలుడైన పౌలు మొదట అమ్మమ్మ లోయినీ, తర్వాత తల్లి యునీకేనూ తలుచుకుంటాడు. ఆ తర్వాతే ‘నీలోనూ ఉంది’ అంటాడు. ఇంటినుంచి రావడంలో తప్పేమీ లేదు. కానీ అది నీదయ్యేది నీ మాటల్లో పలికినప్పుడే. నేను కూడా కాలేజీకి వచ్చేదాకా మా నాన్నగారి ప్రార్థననే అప్పజెప్పేదాన్ని, ఆయన దగ్గుతో సహా!

మార్కు సువార్త తీసుకో. పదహారు అధ్యాయాలే. రోజుకు ఒక్క సంఘటన చదువు, ఎన్ని రోజులు పట్టినా ఫరవాలేదు. తర్వాత ఆ రోజు నిన్ను నిజంగా వేధించిన విషయం ఒకటి దేవుడికి చెప్పు. ‘ఈ రోజు నీతో మాట్లాడాలని లేదు’ అన్నా ప్రార్థనే. పదమూడో కీర్తన మొదలయ్యేదే ‘ఎన్నాళ్లు నన్ను మరచిపోతావు?’ అనే ప్రశ్నతో.

సందేహాలకు భయపడకు. యేసు తిరిగి లేచాడంటే, ఆయన గాయాలు చూస్తే తప్ప నమ్మనన్న తోమాను మిగతా శిష్యులు వెలివేయలేదు. ఎనిమిది రోజుల తర్వాత కూడా అతను వాళ్ల మధ్యే ఉన్నాడు. అక్కడే యేసును చూశాడు. నీ ప్రశ్నలు రాసుకుని, ‘నాకూ తెలీదమ్మా’ అనగలిగే పాస్టర్ గారి దగ్గరకో పెద్దవాళ్ల దగ్గరకో తీసుకెళ్లు. అయితే దిగులు వారాల తరబడి ఉండి, నిద్రా తిండీ పాడైతే మాత్రం డాక్టరును కలువు. అది విశ్వాసం తక్కువై వచ్చిందని ఎవరన్నా వినకు.

ఇక అమ్మ. ఆవిడ అడిగేదాకా ఆగకుండా ఈసారి నువ్వే చెప్పు: ‘అమ్మా, కొన్నాళ్లుగా అబద్ధం చెబుతున్నాను, ప్రార్థన కుదరడం లేదు’ అని. కోప్పడవచ్చు, ఏడవనూ వచ్చు. కాసేపు ఆగి, ‘ఇప్పుడు ఫోన్‌లోనే నువ్వు చెయ్యి, నేను వింటాను’ అను.