బీపీ మాజీ అధిపతి జాన్ బ్రౌన్ ఎవరు?

1948లో జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టిన జాన్ బ్రౌన్, కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రం చదివే రోజుల్లోనే, 1966లో, బ్రిటిష్ చమురు సంస్థ బీపీలో అప్రెంటిస్‌గా చేరి, 1995లో దాని సీఈఓ అయ్యారు. 1998లో అమెరికా చమురు సంస్థలైన అమోకోను, ఆ తరువాత ఆర్కోను కలుపుకొని, బీపీని ప్రపంచంలోని అతిపెద్ద చమురు సంస్థల సరసన నిలబెట్టారు. తోటి చమురు సంస్థలు వాతావరణ మార్పు మాటెత్తడానికే ఇష్టపడని 1997లో, దాన్ని ఇక పట్టించుకోక తప్పదని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆయన బహిరంగంగా చెప్పడం, నా దృష్టిలో, విలీనాలకన్నా పెద్ద సాహసం. 2005లో అమెరికాలోని టెక్సాస్ సిటీలో ఉన్న బీపీ చమురుశుద్ధి కర్మాగారంలో పేలుడు 15 మందిని బలిగొన్నప్పుడు, సంస్థ ఖర్చుల కోత కూడా అందుకు దోహదం చేసిందని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. తన వ్యక్తిగత జీవితంపై పత్రికా కథనాన్ని ఆపడానికి వేసిన వ్యాజ్యంలో కోర్టుకు అబద్ధం చెప్పినట్లు బయటపడటంతో, 2007 మేలో రాజీనామా చేశారు.