గెలుపులు గోలీవా, జట్టువా?

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు. ఇక్కడి పిల్లల లీగ్‌లో ఐస్ హాకీ ఆడుతున్నాడు, గోలీ (గోల్ కాసే ఆటగాడు). జట్టు బలహీనం, తరచూ ఓడిపోతోంది. ఉత్తర అమెరికా పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో గోలీ మార్టిన్ బ్రోడర్ 691 విజయాలు సాధించాడని, తాను ఎందుకూ పనికిరానని కుంగిపోతున్నాడు. గోలీ గొప్పతనాన్ని గెలుపులతో కొలవవచ్చా?
- ఒక పాఠకుడు, బ్రాంప్టన్, కెనడా

జవాబు: కొలవకూడదు. కాలేజీ రోజుల్లో మైదానపు హాకీలో గోల్ కాసినవాణ్ని కాబట్టి ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువే. మీ అబ్బాయిని కూర్చోబెట్టుకుని 1963 వేసవిలో జరిగిన ఒక మార్పిడి సంగతి చెప్పండి.

ఆ ఏడాది మాంట్రియల్ కెనడియన్స్ తన గోలీ జాక్ ప్లాంట్‌ను న్యూయార్క్ రేంజర్స్‌కు ఇచ్చి, వాళ్ల గోలీ గంప్ వర్స్‌లీని తెచ్చుకుంది. మరికొందరు ఆటగాళ్లు కూడా అటూ ఇటూ మారారు. ప్లాంట్ అంటే గోలీ ముఖానికి మాస్కును ఆటలో స్థిరపరచినవాడు, 1956 నుంచి 1960 దాకా వరసగా ఐదు స్టాన్లీ కప్పులు (ఎన్‌హెచ్ఎల్ విజేత జట్టుకు ఇచ్చేవి) అందుకున్నవాడు. వర్స్‌లీ ఏళ్ల తరబడి ఓడే జట్టుకు గోల్ కాశాడు. మిమ్మల్ని అందరికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టిన జట్టు ఏదని అడిగితే "రేంజర్స్" అని తన జట్టు పేరే చెప్పాడని హాకీ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

చోటు మారాక ఏమైంది? రేంజర్స్‌లో మొదటి సీజన్‌లో ప్లాంట్‌కు దక్కినవి 22 గెలుపులు, 36 ఓటములు. మ్యాచ్‌కు సగటున మూడుకు పైగా గోల్స్ పడ్డాయి. వర్స్‌లీ కొత్త చోట కుదురుకోవడానికి కొంత కాలం పట్టింది కానీ, ఆ తర్వాత 1965, 1966, 1968, 1969లలో నాలుగు కప్పులు గెలిచాడు. ఒక్క వేసవిలో ప్లాంట్ చూపు మందగించిందా? వర్స్‌లీ చేతులకు కొత్త చురుకు వచ్చిందా? 1968-69లో, నలభై ఏళ్ల వయసులో, సెయింట్ లూయిస్ జట్టులో చేరిన ప్లాంట్ సగటున రెండు గోల్స్ కూడా ఇవ్వలేదు. ఆ చేతులు ఎక్కడికీ పోలేదు.

అలాగని అంతా జట్టు చలవే అనేస్తే ప్లాంట్‌కు అన్యాయం చేసినట్టే. 1961లో మాంట్రియల్ రక్షణకు ప్రాణంలాంటి డగ్ హార్వీ జట్టు విడిచి వెళ్లాడు. ఇక ప్లాంట్ పని అయిపోయిందనుకోవడానికి అంతకంటే మంచి అదను ఉండదు. ఆ సీజన్‌లోనే అతను లీగ్‌లో తన జట్టుకు అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ గెలిచాడు.

పాత ట్రోఫీల లెక్క చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. గోలీలకు ఇచ్చే వెజినా ట్రోఫీ 1981 వరకూ అతి తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టు గోలీలకే దక్కేది. జనరల్ మేనేజర్ల ఓటుతో ఇవ్వడం ఆ తర్వాతే మొదలైంది. పాత వెజినాలో సగం రక్షణ ఆటగాళ్లదేనని నా అభిప్రాయం.

ఓటు వచ్చినా గెలుపుల మోజు పోలేదు. 2003-04 సీజన్ చూడండి. ఫ్లోరిడా పాంథర్స్ గోలీ రాబర్టో లువాంగో మీదకు 2,475 షాట్లు వచ్చాయి, 2,303 ఆపాడు. అంటే 93 శాతం. అయినా 25 గెలుపులు, 33 ఓటములు. అదే ఏడాది న్యూజెర్సీలో బ్రోడర్ ఆపినది 91.7 శాతం, గెలుపులు 38. వెజినా బ్రోడర్‌కు వెళ్లింది. ఈ ఇద్దరిలో నా ఓటు అప్పుడూ లువాంగోకే, ఇప్పుడూ లువాంగోకే. అయితే బ్రోడర్‌ను మీ అబ్బాయి ముందు చిన్నబుచ్చకండి. కర్రతో పక్‌ను (ఆటలో కొట్టే రబ్బరు బిళ్లను) అందుకుని తనవాళ్లకు పంపడంలో అతను దిట్ట. అలా పుట్టకుండానే ఆగిపోయిన షాట్లు ఏ శాతంలోనూ కనిపించవు.

శాతం కూడా పూర్తి నిజం చెప్పదు. గోల్ వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగు. మంచి రక్షణ ఉంటే ప్రత్యర్థి గోడవైపు నెట్టుకుపోయి ఇరుకు కోణం నుంచి కొడతాడు. ఆ షాట్‌కు గోలీ ఒళ్లే సగం గోల్‌ను మూసేస్తుంది. బలహీన జట్టులో అదే ఆటగాడు ఎదురుగా నిలబడి, తీరిగ్గా గురిచూసి కొడతాడు. గోలీ మోకాళ్ల మీద పడి ఆపుతాడు. ప్యాడ్‌కు తగిలిన పక్ ముందుకు పడుతుంది. దాన్ని పక్కకు తోసే తోటివాడు రాడు, రెండో దెబ్బా ప్రత్యర్థిదే. రెండోది లోపలికి వెళితే స్కోరు పట్టికలో గోలీ పేరు పక్కన గోల్ పడుతుంది, రాని రక్షణ ఆటగాడి పేరు ఉండదు.

అందుకని మీరే ఒక నోటుపుస్తకం తీసుకెళ్లండి. ఎన్ని షాట్లు వచ్చాయి, ఎదురుగా దగ్గర నుంచి ఎన్ని, రెండో దెబ్బలు ఎన్ని, వాటిలో ఎన్ని ఆపాడు అని రాయండి. ఆ జట్టుకే రెండో గోలీ ఉంటే అతనివీ అలాగే రాయండి. ఇద్దరి ముందు ఉన్నది ఒకే రక్షణ కాబట్టి సరైన పోలిక అక్కడే దొరుకుతుంది. ఆ లెక్క ముందు మీ అబ్బాయికి చూపించి, తర్వాత కోచ్ దగ్గరకు తీసుకెళ్లండి.