మందుల షాపులు సిగరెట్లు అమ్మడం ఆపితే జనం మానేస్తారా? పక్క కొట్లో కొనుక్కోరా?

కొందరు నిజంగానే మానేస్తారు. అమెరికాలో సీవీఎస్ అనే మందుల షాపుల సంస్థ 2014 సెప్టెంబరులో తన ఏడున్నర వేలకు పైగా దుకాణాల్లో పొగాకు అమ్మకం ఆపేసింది. ఏడాదికి దాదాపు 200 కోట్ల డాలర్ల వ్యాపారం వదులుకుంది. చాలామంది మెచ్చుకున్నారు. కొనాలో వద్దో మేమే చూసుకుంటాం కదా అని కోప్పడినవాళ్లూ ఉన్నారు. అంతకుముందు అక్కడే సిగరెట్లు కొనే కుటుంబాలు పూర్తిగా కొనడం మానేసే అవకాశం, మిగతావాళ్లకన్నా 38 శాతం ఎక్కువని 2017లో ఒక అధ్యయనం తేల్చింది.

మన పర్లాకిమిడి, రాయగడ వైపు లెక్క వేరు. బీడీ, ఖైనీ కావాలంటే పాన్ డబ్బాకే వెళ్తాం, మెడికల్ షాపుకి కాదు. ఒడిశా 2013లోనే గుట్కాను నిషేధించింది. నాకు ఎక్కువ బాధ కలిగించేది గుడాకు. పళ్లు తోముకునేదే కదా అని ఆడవాళ్లు రోజూ వాడతారు, అది పొగాకే!

మన మెడికల్ షాపువాళ్లు ఆ మాట ఒక్కటి చెప్పినా మేలే. మానాలనుకునేవాళ్లకు నికోటిన్ గమ్ ఎలా వాడాలో చూపించవచ్చు: కాస్త నమిలి బుగ్గన పెట్టుకోవాలి, గబగబా నమలకూడదు. సలహా కోసం 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.