రిటైర్మెంట్ అడ్వైజర్ పరీక్షకి 38 వేలు కట్టాలా?

విజయవాడ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, 54 ఏళ్లు, 58కి రిటైర్మెంట్. ఆ తర్వాత పెన్షన్ సలహాలిస్తూ నాలుగు డబ్బులు సంపాదించుకుందామని ఎన్ఐఎస్ఎం (షేర్ మార్కెట్, ఆర్థిక సలహాల రంగానికి పరీక్షలు పెట్టే సంస్థ) పరీక్ష రాద్దామనుకుంటున్నా. కోచింగ్ వాళ్లు 38 వేలు అడుగుతున్నారు, పీఎఫ్‌లోంచి తీసి కట్టెయ్యనా?"

కట్టకండి. పీఎఫ్ జోలికైతే అసలే వెళ్లకండి.

మీరంటున్నది సిరీస్ 17, రిటైర్మెంట్ అడ్వైజర్ పరీక్ష. వర్క్‌బుక్ ఎన్ఐఎస్ఎం సైట్‌లోనే ఫ్రీగా దొరుకుతుంది, 60 శాతం వస్తే పాస్. ఏళ్ల తరబడి లెడ్జర్లు తిరగేసిన మీకు ఇదో లెక్కా! ఇంగ్లీషులో ఉందని టెన్షన్ పడకండి, రోజుకి గంట కూర్చుంటే చాలు.

థియరీ బట్టీ పట్టడం కన్నా మీ సొంత ఫైలు ముందేసుకుని లెక్కలు చెయ్యండి. గ్రాట్యుటీయే చూడండి, అదే సర్వీసు ఏళ్లని బట్టి కంపెనీ చివర్లో ఇచ్చే మొత్తం. బేసిక్, డీఏ కలిపి 60 వేలు, సర్వీసు 30 ఏళ్లు అనుకుందాం. చట్టం కిందికొచ్చే నెలజీతం ఉద్యోగికి నెల జీతాన్ని 26తో భాగించి, 15తోనూ సర్వీసు ఏళ్లతోనూ గుణించాలి, అంటే 10,38,461 రూపాయలు. అలవాటులో 30తో భాగించారా, 9 లక్షలే వస్తుంది, లక్షా 38 వేలు గల్లంతు. పరీక్షలో పోయేది మార్కే, రేపు మీ క్లయింటుకైతే డబ్బే. అలాగే 8 శాతం రాబడి, 6 శాతం ద్రవ్యోల్బణం ఉంటే నికరంగా మిగిలేది 2 శాతం అని తీసేస్తారు చాలామంది, 1.08ని 1.06తో భాగించి చూడండి, 1.89 శాతమే.

ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) చాప్టర్ చదివేముందు వర్క్‌బుక్ మీద తేదీ చూసుకోండి. ప్రైవేటు చందాదారులు పెద్ద మొత్తంతో బయటికొచ్చేటప్పుడు అందులో 40 శాతంతో యాన్యుటీ (క్రమం తప్పకుండా పెన్షన్ ఇచ్చే ప్లాన్) కొనాలన్న నిబంధనని 2025 డిసెంబర్‌లో 20 శాతానికి తగ్గించారు. పాత నోట్సు పెట్టుకుని ఇంకా 40 అనే చెప్పే కోచింగులుంటాయి, ఆశ్చర్యం లేదు.

పాసైనంత మాత్రాన బోర్డు పెట్టెయ్యలేరు, పెన్షన్ రంగాన్ని నియంత్రించే పీఎఫ్ఆర్‌డీఏ దగ్గర రిజిస్ట్రేషన్ వేరే. ఫీజు తీసుకుని షేర్లు, ఫండ్ల మీద కూడా సలహా ఇవ్వాలంటే షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ దగ్గర రిజిస్టర్ అవ్వాలి, దానికి ఎన్ఐఎస్ఎం వాళ్లవే సిరీస్ 10-ఏ, 10-బీ పరీక్షలు.

అసలు సంగతి ఇంకోటుంది, కోచింగ్ వాళ్లు మీకు చెప్పి ఉండరు. ఈ సర్టిఫికెట్ గడువు మూడేళ్లు. ఇప్పుడు రాస్తే మీరు రిటైరయ్యేలోపే అది అయిపోతుంది! 57 నిండాక రాయండి. ఈలోపు పుస్తకం దించుకుని మీ గ్రాట్యుటీ, పీఎఫ్, ఇంటి ఖర్చుల లెక్కలు కట్టి, మీ హెచ్ఆర్ ఇచ్చే అంకెలతో సరిచూసుకోండి.