కొత్త ఇంట్లో స్పీకర్ పలకట్లేదు

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి విజయనగరం కంటోన్మెంట్‌కి ఇల్లు మారాం. కొత్త వైఫై పెట్టించాక మా అలెక్సా స్పీకర్ (ఎకో డాట్) పనిచేయట్లేదు. పొద్దున్నే సుప్రభాతం వినిపించక మా అత్తయ్య దిగులుపడుతున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: టెన్షన్ పడకండమ్మా, అది పాడైపోలేదు, పాత ఇంటి వైఫైనే ఇంకా వెతుక్కుంటోంది. అన్నిటికన్నా తేలిక దారి, కొత్త రూటర్‌కి పాత వైఫై పేరు, పాస్‌వర్డ్ పొల్లుపోకుండా పెట్టించేయడం, అప్పుడు స్పీకరే కాదు, టీవీ, ఫోన్లు కూడా మామూలుగా వాటంతటవే కలుస్తాయి. కుదరదంటే ఫోన్‌ని కొత్త వైఫైకి కలిపి, స్పీకర్ మీద చుక్క గుర్తున్న బటన్‌ని నారింజ రంగు లైటు వచ్చేదాకా నొక్కి పట్టుకోండి. అలెక్సా యాప్‌లో ఆ స్పీకర్ సెట్టింగ్స్‌కి వెళ్లి, వైఫై దగ్గర ‘చేంజ్’ నొక్కండి. పాస్‌వర్డ్‌ని రూటర్ కింది స్టిక్కర్ చూసి కొడుతున్నారా? అక్కడ సున్నాకీ ‘ఓ’కీ తేడా తెలియక చాలామంది గంటలు గంటలు పాడుచేసుకుంటారు, కళ్లజోడు పెట్టుకుని మరీ చూడండి. స్పీకర్ పెట్టే పూజగది రూటర్‌కి దూరమైతే, వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాలుగా కనిపించినప్పుడు 2.4నే ఎంచుకోండి, గోడలు దాటడంలో 5 కన్నా అదే నయం.